రక్తం ఎక్కించుకున్నాక నడక: సికిల్ సెల్ ఉన్నవాళ్లు దమ్ము పెంచుకోవడం ఎలా

రక్తం ఎక్కించుకుని వచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి మెట్లెక్కి చూసుకోవడం నాకు చాలా ఏళ్లు అలవాటుగా ఉండేది. మూడో అంతస్తు దాకా ఆగకుండా వెళ్లగలిగితే ఈసారి రక్తం బాగా పట్టిందనుకునేవాణ్ని, మధ్యలో ఆయాసమొచ్చి రెయిలింగ్ పట్టుకుని నిలబడాల్సి వస్తే మాత్రం ఇంకో యూనిట్ ఎక్కిస్తే వీళ్ల సొమ్మేం పోయిందని డాక్టర్ల మీద లోపల్లోపల విసుక్కునేవాణ్ని. రెండూ తెలివితక్కువ ఆలోచనలేనని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. రక్తం ఎక్కిస్తే రిపోర్టులో అంకె పెరుగుతుంది. దమ్ము మాత్రం కాళ్లూ గుండే కలిసి నెమ్మదిగా నేర్చుకోవాల్సిందే. రక్తం ఎక్కించాక వచ్చే కొన్ని మంచి రోజుల్ని ఆ నేర్చుకోవడానికి ఎలా వాడుకోవాలో రాస్తున్నాను.

ఇది సికిల్ సెల్ ఎనీమియా (ఎర్ర కణాలు కొడవలిలా వంకర పోయి తొందరగా పగిలిపోయే పుట్టుక జబ్బు) ఉన్నవాళ్ల కోసం, అంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు ఎస్ జన్యువులూ వచ్చినవాళ్ల కోసం. ఒక్కటే ఉన్న ట్రెయిట్ వాళ్లకు మామూలుగా దీనివల్ల రక్తహీనత ఉండదు, ఎండలో ఒళ్లు తెలియకుండా పరిగెత్తితే ప్రమాదమన్న జాగ్రత్త లాంటివి మాత్రం ఉంటాయి. ఇంకోటి, నేను డాక్టర్‌ని కాదు, ఏళ్ల తరబడి మంచం మీద పడుకుని సూదులు గుచ్చించుకున్నవాణ్ని. మీ డాక్టర్ వద్దన్నది వద్దంతే.

ఆయాసం ఎక్కడి నుంచి వస్తోంది

1 గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. ఆ లెక్కన హిమోగ్లోబిన్ 14 (అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 14 గ్రాములు) ఉన్న మనిషి 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 19 మిల్లీలీటర్ల ఆక్సిజన్ పడుతుంది, 8 ఉన్నవాళ్ల రక్తంలో 11 కూడా పట్టదు. అయినా 7తోనో 8తోనో పనికి వెళ్లొచ్చి వంట చేసుకుని పడుకునేవాళ్లు మనలో ఎంతమంది లేరు! కారణాలు రెండు. సికిల్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని అంత గట్టిగా పట్టుకోదు, కండరం దగ్గరికి రాగానే తేలిగ్గా వదిలేస్తుంది. రెండోది, మన గుండె కూర్చున్నప్పుడు కూడా మామూలు కన్నా ఎక్కువ రక్తం తోస్తూ ఉంటుంది. ఇక్కడే చిక్కు. మిగతావాళ్లు పరిగెత్తేటప్పుడు బయటికి తీసే నిల్వలో కొంత మనం కుర్చీలో కూర్చునే ఖర్చు పెట్టేస్తున్నాం, అందుకే కూర్చున్నంతసేపూ బాగానే ఉండి లేచి నాలుగడుగులు గబగబా వేయగానే ఎగశ్వాస వస్తుంది.

కానీ తప్పంతా రక్తహీనతదే అనుకోకండి. గతంలో ఛాతీ క్రైసిస్ (సికిల్ కణాల వల్ల ఊపిరితిత్తులకు ఉన్నట్టుండి వచ్చే ప్రమాదం) వచ్చి ఊపిరితిత్తులు కొంత దెబ్బతిని ఉండొచ్చు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. గుండె కండరం బిగుసుకుపోయి సరిగ్గా వదులు కాకపోవచ్చు. కొంతమందిలో ఎంత కష్టపడినా నాడి వేగం పెరగాల్సినంత పెరగదు. తుంటి ఎముకకు రక్తం అందక అది అరిగిపోతూ ఉంటే నొప్పి వల్ల అడుగే పడదు. వీటన్నిటి మీదా ఇంకోటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు: కదలక కదలక కండరాలు కరిగిపోవడం. క్రైసిస్ (వంకర కణాలు సన్న నాళాల్లో అడ్డుపడి వచ్చే తీవ్రమైన నొప్పి) వస్తే వారం మంచం, తర్వాత వారం నీరసం, ఆ తర్వాత మళ్లీ ఎక్కడ వస్తుందోనన్న భయం, ఇంట్లోవాళ్లు కూడా "నువ్వు కూర్చో, నేను తెస్తాలే" అంటూ ఉంటారు. చిన్నప్పటి నుంచీ ఇలా కూర్చోబెడితే ఏ జబ్బూ లేని మనిషికైనా మెట్లెక్కితే ఆయాసం రాదా? ఎంత రక్తం ఎక్కించినా ఈ చివరి కారణం పోదు. మన చేతిలో ఉన్నదీ అదొక్కటే.

ఎక్కించిన రక్తం ఏం చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

పెద్దవాళ్లకు ఒక యూనిట్ ఎర్ర కణాలు ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది. వచ్చిన కణాలు మామూలు కణాలు కాబట్టి కొడవలి ఆకారంలోకి వంకర పోవు. మన సొంత కణాలు 10 నుంచి 20 రోజులే బతుకుతాయి, ఇవి అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి. శరీరానికి ఆక్సిజన్ కాస్త అందగానే మన ఎముక మజ్జ కూడా తన ఉత్పత్తి తగ్గిస్తుంది, అంటే కొత్త సికిల్ కణాలు కొంత తక్కువ తయారవుతాయి. ఇదంతా బాగానే ఉంది.

మరి 8 నుంచి 13కి తీసుకెళ్లిపోతే సరిపోతుంది కదా? నేనూ అదే అడిగాను. కుదరదు, ఎందుకంటే సికిల్ కణాలు బిరుసుగా ఉంటాయి, అవి ఎక్కువ శాతం ఉండగానే పైనుంచి ఇంకా కణాలు పోస్తూ పోతే రక్తం చిక్కబడుతుంది. చిక్కబడ్డ రక్తం సన్న నాళాల్లో నెమ్మదిగా పారుతుంది, మోసే ఆక్సిజన్ పెరిగినా చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకే మామూలుగా ఎక్కించేటప్పుడు హిమోగ్లోబిన్ 10 దాటకుండా చూసుకుంటారు. దాటితే తలనొప్పి, మత్తు, నొప్పులు, ఇంకా పెద్ద ప్రమాదాలు కూడా రావొచ్చు. ఇంకో యూనిట్ ఎక్కించలేదని నేను విసుక్కున్నది ఈ లెక్క తెలియకే.

ఎక్స్ఛేంజ్ పద్ధతి దీన్ని దాటడానికి వచ్చింది. అందులో మన రక్తం కొంత తీసేస్తూ దాత కణాలు ఎక్కిస్తారు, చేత్తో గానీ మెషీన్ మీద గానీ. హిమోగ్లోబిన్ అంకె పెద్దగా మారకపోయినా సికిల్ శాతం, అంటే మొత్తం హిమోగ్లోబిన్‌లో సికిల్ రకం వాటా, పడిపోతుంది. 1980లోనే బ్లడ్ అనే వైద్య పత్రికలో, ఎక్స్ఛేంజ్ తర్వాత వ్యాయామ సామర్థ్యం మెరుగుపడిందని పరిశోధకులు రాశారు. అంటే రక్తంలో ఎంత హిమోగ్లోబిన్ ఉందన్నదే కాదు, అది ఎలాంటి హిమోగ్లోబిన్, నాళాల్లో సాఫీగా పారుతోందా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

చిన్న విషయం ఒకటి, కానీ నా మెట్ల పరీక్ష ఎందుకు పనికిరాదో ఇదే చెబుతుంది. బ్యాగులో నిల్వ ఉన్న కణాల్లో ఆక్సిజన్‌ని వదిలించే ఒక పదార్థం, 2,3-డీపీజీ, తగ్గిపోయి ఉంటుంది. ఒంట్లోకి వచ్చాక అది మళ్లీ తయారవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కాబట్టి రక్తం ఎక్కిన మర్నాడు పొద్దున్న చూసుకునేదేదీ సరైన కొలత కాదు.

వ్యాయామం కోసమని రక్తం అడగొద్దు

ఇది గట్టిగానే చెబుతున్నా. రక్తం ఎక్కించేది పక్షవాతం రాకుండా, ఛాతీ క్రైసిస్‌లో ప్రాణం కాపాడడానికి, హిమోగ్లోబిన్ ఉన్నట్టుండి పడిపోయినప్పుడు, కొన్ని ఆపరేషన్ల ముందు. మెదడు రక్తనాళాల్లో రక్తం పారే వేగం ఎక్కువున్న పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కించి సికిల్ శాతాన్ని 30 లోపు ఉంచితే మొదటి పక్షవాతం ముప్పు 90 శాతానికి పైగా తగ్గిందని 1998లో వచ్చిన స్టాప్ అధ్యయనం చూపించింది. అంత పెద్ద లాభం ఉన్నచోట రక్తం వల్ల వచ్చే నష్టాలు భరించొచ్చు. నిలకడగా 7-8 మీద ఉన్న మనిషికి, నడవడానికి ఓపిక రావాలని ఎక్కిస్తే ఆ లెక్క తలకిందులవుతుంది.

నష్టాలేంటంటే, ఒక్కో యూనిట్‌లో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మన శరీరం రోజుకు 1-2 మిల్లీగ్రాములకు మించి బయటికి పంపలేదు, వ్యాయామం చేస్తే చెమటతో పోతుందనేది ఉత్తమాట. మిగిలిందంతా కాలేయంలో, తర్వాత గుండెలో పేరుకుంటుంది, గుండెలో పేరుకుంటే మనం పెంచుకోవాలనుకున్న దమ్మే పోతుంది. రెండోది యాంటీబాడీలు. వేరేవాళ్ల రక్తం ఎక్కిన కొద్దీ శరీరం ఆ కణాల పైనున్న గుర్తుల మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది, ఆ తర్వాత సరిపోయే రక్తం దొరకడమే కష్టమవుతుంది. కాబట్టి మామూలు బ్లడ్ గ్రూపు (ఏబీఓ, ఆర్‌హెచ్ డీ) ఒక్కటే కాకుండా ఆర్‌హెచ్‌లోని C, E అనే గుర్తులు, కెల్ అనే గుర్తు కూడా సరిచూసిన రక్తమే అడగండి. ఎప్పుడో ఒకసారి ఏ యాంటీబాడీ కనిపించిందో రాసి ఉన్న కాగితం పర్సులో ఎప్పుడూ పెట్టుకోండి, ఎందుకంటే కొన్నాళ్లకు అది టెస్టులో కనపడకుండా పోతుంది, రక్తం ఎక్కాక మళ్లీ నిద్ర లేస్తుంది.

పోటీల్లో ఆడేవాళ్లుంటే ఒక మాట. క్రీడల డోపింగ్ నిబంధనల్లో రక్తం ఎక్కించుకోవడం నిషేధం. జబ్బు కోసం ఎక్కించుకునేవాళ్లు వైద్య మినహాయింపుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దొంగచాటుగా చేసేపనిని మనం పేపర్లు పెట్టి చేసుకోవాలన్నమాట!

మొదలుపెట్టే ముందు

క్లినిక్‌కి వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడికెళ్లాక మర్చిపోతాం. నా గుండె ఎకో (అల్ట్రాసౌండ్ స్కాన్) ఈమధ్య తీశారా, ఊపిరితిత్తుల ఒత్తిడి ఎలా ఉంది? తుంటిలో గానీ గజ్జలో గానీ నొప్పి ఉంటే ఎంఆర్‌ఐ అవసరమా? కంటి వెనక కొత్త రక్తనాళాలు మొలిచాయా, బరువులెత్తొచ్చా? ప్లీహం పెద్దదిగా ఉందా (ఉంటే పొట్టకు దెబ్బ తగిలే ఆటలు వద్దు)? నిలకడగా ఉన్నప్పుడు నా హిమోగ్లోబిన్ ఎంత, ఆక్సిజన్ శాతం ఎంత? ఈ చివరి రెండూ మీకు నోటికి వచ్చి ఉండాలి. అత్యవసరంగా వేరే ఆసుపత్రికి వెళ్తే అక్కడివాళ్లు 7.5 చూసి కంగారు పడిపోతారు, అది మీకు మామూలే అని చెప్పేది మీరే.

వీలైతే 6 నిమిషాల నడక పరీక్ష చేయమనండి. 30 మీటర్ల వరండాలో 6 నిమిషాలు అటూ ఇటూ నడిపించి ఎన్ని మీటర్లు నడిచారో కొలుస్తారు, అంతే. మాస్క్ పెట్టి సైకిల్ తొక్కించే పెద్ద పరీక్ష కూడా ఉంది, అది ఆయాసం గుండె వల్లా, ఊపిరితిత్తుల వల్లా, కండరాల వల్లా అన్నది విడదీసి చెబుతుంది. అందుబాటులో ఉంటే చేయించుకోండి, లేకపోతే నడక పరీక్ష చాలు.

మీ చక్రం తెలుసుకోండి

క్రమం తప్పకుండా రక్తం ఎక్కించుకునేవాళ్లకు మూడు నాలుగు వారాలకోసారి, మెషీన్ ఎక్స్ఛేంజ్ అయితే ఇంకొంచెం ఎడంగా ఒక చక్రం నడుస్తుంది. మొదట్లో ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, చివరికొచ్చేసరికి హిమోగ్లోబిన్ తగ్గి సికిల్ శాతం మళ్లీ పైకి ఎక్కుతుంది. మీరు కూడా గమనించే ఉంటారు, చివరి వారంలో చిన్న పనికే చిరాకు. అందరికీ ఒకే ప్లాన్ ఇచ్చే వ్యాయామం చార్టులు మనకు పనికిరానిది ఇందుకే, వాటికి ఈ ఎత్తుపల్లాలు తెలియవు.

ఎక్కించిన రోజూ మర్నాడూ వ్యాయామం లేదు. సూది పెట్టిన చేత్తో బరువులు ఎత్తొద్దు. ఎక్స్ఛేంజ్‌కి తొడ దగ్గర లైన్ పెట్టి ఉంటే డాక్టర్ సరేననేదాకా మెట్లూ సైకిలూ కూడా వద్దు, లోపల రక్తం కారి గడ్డకడుతుంది. రక్తం ఎక్కిన 12 గంటల్లోపు పడుకుంటే ఆయాసం ఎక్కువై లేచి కూర్చోవాలనిపిస్తే అది నీరసం కాదు, ఒంట్లోకి ద్రవం ఎక్కువై ఉండొచ్చు, ఫోన్ చేయండి. మూడో రోజు నుంచి మామూలు నడక. తర్వాత రెండు వారాలూ కొంచెం కొంచెం పెంచుకునే కాలం. చివరి వారం మాత్రం పెంచకుండా, ఉన్నదాంట్లో మూడో వంతు తగ్గించి, మానకుండా నడపండి. మానేస్తే మళ్లీ మొదటికి వస్తారు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మనం పెంచుకోవాలనుకున్న ఆ మంచి రెండు వారాల్లోనే ఆలస్యంగా వచ్చే రక్తం రియాక్షన్ (మన యాంటీబాడీలు దాత కణాల్ని పగలగొట్టడం) కూడా రావొచ్చు, ఎక్కించిన 3వ రోజు నుంచి 21వ రోజు మధ్య ఎప్పుడైనా. నాకు ఒకసారి వచ్చింది. ఎక్కించిన ఎనిమిదో రోజు నడుస్తుంటే నడుం లాగేస్తోంది, కాళ్లు పీకుతున్నాయి, అంతకు ముందు వారం కన్నా దమ్ము తక్కువగా ఉంది. బద్ధకం ఎక్కువైందని నన్ను నేనే తిట్టుకుని ఇంకో రెండు రోజులు పట్టుబట్టి నడిచాను. పదో రోజుకు మూత్రం కోలా రంగులో వచ్చింది, కళ్లు పసుపచ్చగా అయ్యాయి, వెళ్లి టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ ఎక్కించుకోకముందు ఉన్నదాని కన్నా కిందికి పోయింది. మొదట చూసినవాళ్లు మామూలు క్రైసిస్ అనుకుని ఇంకో బ్యాగ్ ఎక్కించబోయారు, నా దగ్గరున్న యాంటీబాడీ కాగితం చూపించాక ఆగారు. ఇలాంటప్పుడు ఆలోచించకుండా ఇంకో యూనిట్ ఎక్కిస్తే మన సొంత కణాలు కూడా పగిలిపోయి ఇంకా కిందికి పోవచ్చు. అందుకే, రక్తం ఎక్కించాక దమ్ము పెరగాల్సిన రోజుల్లో తగ్గుతోందంటే పట్టుదల చూపించకండి. ఆగిపోయి టెస్ట్ చేయించుకోండి, ఫలానా తారీఖున రక్తం ఎక్కించుకున్నానని మీరే ముందు చెప్పండి.

ఒక రోజు వ్యాయామం ఎలా ఉండాలి

2018లో లాన్సెట్ హెమటాలజీలో ఫ్రాన్స్ పరిశోధకుల ట్రయల్ ఒకటి వచ్చింది. సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్లతో 8 వారాలు, వారానికి 3 సార్లు, ఒక్కొక్కరి శక్తినీ విడిగా కొలిచి దానికి తగ్గట్టు మధ్యస్థంగా సైకిల్ తొక్కించారు. సామర్థ్యం పెరిగింది, శిక్షణ వల్ల పెద్ద ప్రమాదాలేమీ రాలేదు. వాళ్ల కండరాల్లో సన్న రక్తనాళాలు కూడా మెరుగుపడ్డాయని తర్వాత చూపించారు. వాళ్లు చేసింది మధ్యస్థమే, పరుగు పందెం కాదు, అక్కడే కిటుకంతా ఉంది. మరీ గట్టిగా చేస్తే కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఆమ్లం పెరిగితే ఆక్సిజన్ తగ్గి కణాలు వంకర పోవడం మొదలుపెడతాయి. మన హద్దు అదే.

ఆ హద్దు తెలుసుకోవడానికి మెషీన్ అక్కర్లేదు, నోరు చాలు. నడుస్తూ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మూడేసి మాటలకోసారి ఊపిరి తీసుకుంటున్నారంటే వేగం తగ్గించండి. వయసును 220లోంచి తీసేసి నాడి లెక్క వేసుకునే పద్ధతి మనకు సరిపోదు, చాలామందిలో నాడి అంత పైకి వెళ్లదు, కొందరిలో కూర్చున్నప్పుడే ఎక్కువగా ఉంటుంది. వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటర్ కూడా సికిల్ రక్తంలో కొంచెం అటూ ఇటూ చూపిస్తుంది. అంకెను కాకుండా మీకు మామూలుగా ఉండేదాని కన్నా ఎంత పడిందన్నది చూడండి.

మొదట 10 నిమిషాలు చాలా నెమ్మదిగా నడక. వార్మప్ ఎగ్గొట్టి నేరుగా వేగంలోకి వెళ్లడం మనకు మిగతావాళ్ల కన్నా ఎక్కువ నష్టం. తర్వాత 3 నిమిషాలు కొంచెం వేగం, 2 నిమిషాలు నెమ్మది, ఇలా నాలుగు సార్లతో మొదలుపెట్టండి. ఏకబిగిన 20 నిమిషాలు చేసేదాని కన్నా ఇలా ముక్కలుగా చేసేదే మనకు మంచిది, మధ్యలో ఆగినప్పుడు ఆమ్లం కొంత కడుక్కుపోతుంది. చివర్లో టక్కున కూర్చోకుండా 5 నిమిషాలు మెల్లగా నడవండి. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. ఒక వారం ఏ నొప్పీ లేకుండా గడిస్తేనే తర్వాతి వారం ఒక ముక్క పెంచండి, వేగమూ సమయమూ రెండూ ఒకేసారి పెంచొద్దు.

బరువులంటే పెద్ద డంబెల్స్ అవసరం లేదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం, మడమలెత్తి నిలబడడం, ఇవి చాలు. ఊపిరి బిగబట్టి చేసేదేదీ వద్దు.

నీళ్ల గురించి అందరూ చెబుతారు కానీ సగమే చెబుతారు. మన కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేవు, ఒంట్లో నీళ్లు తక్కువున్నా మూత్రం ఎక్కువగానే, లేత రంగులోనే పోతూ ఉంటుంది. "మూత్రం తెల్లగా ఉంటే నీళ్లు సరిపోయినట్టు" అన్న జిమ్ సలహా మనకు పనిచేయదు, మరోవైపు కణాలు పగిలినప్పుడు ఎన్ని నీళ్లు తాగినా రంగు ముదురుగానే ఉంటుంది. దాహం కోసం చూడకుండా గడియారం చూసి తాగండి: మొదలుపెట్టే ముందు ఒక గ్లాసు, ప్రతి 15-20 నిమిషాలకూ కొన్ని గుక్కలు, అయిపోయాక ఇంకో గ్లాసు. గుండె, కిడ్నీ సమస్యలుండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు మాత్రం ఆ కొలతకే కట్టుబడాలి.

మండుటెండలో వద్దు, చలిగాలిలో వద్దు. చల్లటి నీళ్లలో ఈత అసలొద్దు, చలికి నాళాలు ముడుచుకుని గంటలోపే నొప్పి మొదలైనవాళ్లు నాకు తెలుసు. గోరువెచ్చటి నీళ్లయితే కీళ్లకు ఈత కన్నా మంచిది లేదు, బయటికి రాగానే వెంటనే తుడుచుకుని పొడి బట్టలు వేసుకోవాలి. ఎత్తయిన కొండ ప్రాంతాలకు వెళ్తే మొదటి రోజుల్లో వ్యాయామం ఊసే ఎత్తకండి. జ్వరమున్నా, క్రైసిస్ తగ్గి వారం కాకపోయినా, రాత్రి నిద్ర సరిగ్గా లేకపోయినా ఆ రోజు సెలవు.

వెంటనే ఆగాల్సినవి

ఛాతీ నొప్పి, ఆగాక కూడా తగ్గని ఆయాసం, కళ్లు తిరిగి పడిపోబోవడం, ఒక పక్క చెయ్యో కాలో బలహీనం కావడం, మాట తడబడడం, ఉన్నట్టుండి చూపు మసకబారడం, ఎడమ పక్కటెముకల కింద నొప్పి. వీటిలో ఏది వచ్చినా ఇంటికి కాదు, ఆసుపత్రికి. మగవాళ్లు సిగ్గుపడి చెప్పని ఇంకోటుంది, నొప్పితో అంగం బిగుసుకుని అలాగే ఉండిపోవడం. నాలుగు గంటలు దాటితే శాశ్వతంగా దెబ్బతినొచ్చు, అంతసేపు ఇంట్లో ఎదురుచూడొద్దు. గజ్జలో నొప్పి, అదీ కాలు నేల మీద ఆనించినప్పుడు వచ్చేది, కండరం పట్టేసిందని నూనె రాసుకుంటూ నెలలు గడపొద్దు. అది తుంటి ఎముక కావొచ్చు, తొందరగా చూపిస్తే చేయగలిగేవి ఎక్కువ.

మామూలు కండరాల నొప్పినీ క్రైసిస్ నొప్పినీ విడదీయడం మొదట్లో కష్టమే. నా గుర్తు ఇది: పని చేసిన కండరమే, రెండు వైపులా సమానంగా, మర్నాడు మొదలై కదిలిన కొద్దీ వదులయ్యేది వ్యాయామం నొప్పి. వెన్నులో, ఛాతీలో, పని చేయని చేతుల్లో, ఎముక లోపలి నుంచి వచ్చి కదిలినా కదలకపోయినా పెరిగేది రెండోది.

పెరిగింది రక్తమా, దమ్మా?

నోట్‌బుక్‌లో మూడే మూడు రాయండి: చక్రంలో ఎన్నో రోజు, 6 నిమిషాల్లో ఎంత దూరం, మర్నాడు ఒళ్లు ఎలా ఉంది. నడక దూరాన్ని నెలకు రెండుసార్లే కొలవండి, ఒకటి రక్తం ఎక్కించుకోవడానికి రెండు రోజుల ముందు, ఇంకోటి ఎక్కించుకున్న వారానికి. ఈ నెల "ముందు"ని పోయిన నెల "ముందు"తోనే పోల్చాలి, "తర్వాత"తో కాదు. ఎక్కించాక దూరం పెరగడం ప్రతి నెలా ఉంటుంది, అది దాత ఇచ్చింది. రక్తం అడుగంటిన రోజుల్లో కూడా పోయిన నెల కన్నా 20 మీటర్లు ఎక్కువ నడిచారంటే అది మాత్రం మీ కండరాల సొంత సంపాదన. నాకు మొదటి రెండు నెలలూ ఏమీ కనిపించలేదు, మూడో నెలలో కదిలింది. "ముందు" దూరం వరసగా రెండు నెలలు తగ్గుతూ వస్తే ఎకో, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపించే రక్తపరీక్ష) గురించి అడగండి. ఫెరిటిన్ ఒక్కటే సరిపోదు, కాలేయంలో ఐరన్ కొలిచే ఎంఆర్‌ఐ ఇంకా నిజం చెబుతుంది. ఐరన్ తీసే మందులు రాసిచ్చి ఉంటే అవి మానేసి వ్యాయామం ఎంత చేసినా చిల్లుకుండలో నీళ్లే.

మందుల గురించి రెండే మాటలు. హైడ్రాక్సీయూరియా వేసుకునేవాళ్లలో పిండదశ హిమోగ్లోబిన్ పెరిగి అంకె కూడా కొంత పెరుగుతుంది, నొప్పులు తగ్గి క్రమం తప్పకుండా నడవగలగడమే దాని పెద్ద లాభమని నా అనుభవం. రక్తహీనత అన్నారు కదా అని ఐరన్ టాబ్లెట్లు సొంతంగా కొని వేసుకోకండి, మనది ఐరన్ తక్కువై వచ్చిన రక్తహీనత కాదు, కణాలు తొందరగా పగిలి వచ్చింది. ఇక హిమోగ్లోబిన్ అంకె పెంచుతుందని 2019లో అనుమతి పొందిన వోక్సెలోటర్ మందును 2024 సెప్టెంబరులో కంపెనీయే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది, క్రైసిస్‌లూ మరణాలూ ఎక్కువ కనిపించాయన్న కారణంతో. అంకె పెరిగినంత మాత్రాన మనిషి బాగున్నట్టు కాదని దాన్ని చూసి కూడా అర్థం చేసుకోవచ్చు.

ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు స్కూలుకి ఒక ఉత్తరం ఇవ్వండి. ఆటల పీరియడ్ నుంచి మినహాయించమని కాదు. వీడు ఆడతాడు, తన వేగంతో ఆడతాడు, ఆగుతానంటే ఆగనివ్వండి, నీళ్ల సీసా చేతిలోనే ఉండనివ్వండి, మూత్రానికి అడిగినప్పుడల్లా పంపండి, ఎండలో నిలబెట్టడం, శిక్షగా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించడం వద్దు, ఛాతీ నొప్పన్నా జ్వరమన్నా ఈ నంబరుకు ఫోన్ చేయండి. డాక్టర్ సంతకం పెట్టించి, ఒకటి క్లాస్ టీచర్‌కీ ఒకటి ఆటల టీచర్‌కీ విడివిడిగా ఇవ్వండి. ఒకరికిస్తే ఇంకొకరికి చేరదు.